చింతపండుతో తోమిన సూర్యుడు

ఈ ప్రయాణానికి కారణం నా శుభ్రత పిచ్చి. పోయిన ఏడాది చనిపోయిన మా చెల్లెలు స్వాతి తన చేత్తో ఒక వెండి పతకం చేసింది. మెక్సికోలో ఒకప్పుడు అజ్టెక్ ప్రజలు కొలిచిన సూర్యుడది. నాలుక చాపిన ముఖం, చుట్టూ మొనదేలిన కిరణాలు, గీతల నిండా నలుపు. ఏడాది తిరిగిన రోజున ఆమె ఫోటోకు వేద్దామని, చిన్నప్పుడు గుంటూరులో మా ఇంట్లో పూజ సామాను తోమినట్టే చింతపండు, విభూతి పెట్టి అరగంట తోమాను. పతకం తళతళలాడింది, సూర్యుడి ముఖం మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. అది మురికి కాదని, స్వాతి కావాలని పెట్టిన నలుపని అప్పుడు వెలిగింది నాకు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

అయినా మనసొప్పక, ఆమె ఈ పని నేర్చుకున్న చోటికే బయల్దేరాను. శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు సింగపూర్‌లో మా ఇంటి దగ్గరి బుకిట్ పంజాంగ్‌లో రైలెక్కి, బొటానిక్ గార్డెన్స్‌లో సర్కిల్ లైన్‌కు మారి, పాయా లెబార్‌లో దిగేసరికి సుమారు గంట పట్టింది. చార్జీ రెండు డాలర్ల పైచిలుకు. బయట ఒకటే వాన, గొడుగు ఉండీ తడిశాను. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం చేస్తూ నాతోనే ఉన్న స్వాతి ప్రతి శనివారం ఇదే దారిన వచ్చేది. "నువ్వూ రా అక్కా" అనేది. పిండి రుబ్బాలనేదాన్ని. ఒక్కసారైనా వెంట రాలేదు.

స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో, పాత దుకాణాల మేడ మీద ఫరీదా ఆంటీ పనిగది ఉంది. ఆమెది హైదరాబాద్. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వెండిపని నేర్పుతున్నారు. "మకాన్ అయిందా బేటా, తిన్నవా? గట్ల తడిసినవేంది?" అంటూ తువ్వాలు అందించారు. స్వాతి అక్కనని చెప్పి పతకం చేతిలో పెట్టగానే ఆమె ముఖం మారిపోయింది.

"చింతపండుతోని తోమినవా?"

"అవునాంటీ. మళ్లీ నల్లగా చేయగలరా?"

"ఎందుకు చెయ్య? ఉడకబెట్టిన గుడ్డు చిదిమి, పతకంతోని డబ్బాల వెట్టి మూతేస్తే గంటల నల్లగైతది. స్వాతి గట్లనే చేసింది. 'మా అక్క ఇంట్లోకి గుడ్డు రానీయదాంటీ, ఇక్కడే చేస్తా' అని ఒకటే నవ్వు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆంటీ స్టవ్ మీద గుడ్డు పెట్టి, పతకాన్ని భూతద్దం కింద ఉంచి నన్ను దగ్గరికి పిలిచారు. సూర్యుడి నాలుక కింద, నా వేలు దూరని సందులో, పిసరంత నలుపు మిగిలి ఉంది.

"గిది స్వాతి వెట్టింది. ఇప్పుడు మళ్ల నలుపు వెడితే, ఏది ఆమెదో ఏది మనదో నాక్కూడ తెల్వదు. ఏం జేద్దాం?"

భూతద్దంలో ఆ పిసరును మరోసారి చూశాను. "స్టవ్ కట్టేయండాంటీ" అన్నాను.

ముఖం చెరిగిన సూర్యుణ్ణి అలాగే మెడలో వేసుకుని తిరుగు రైలెక్కాను. స్వాతి ఉన్నన్నాళ్లూ ఆమె శనివారాలను పనిలేని పనిగానే చూశాను. ఇప్పుడు ఆమె పనిలో నాకు మిగిలింది ఆ పిసరే. మీ దగ్గర ఇలాంటి నల్లగీతల వెండి ఉంటే పొడి నూలుబట్టతో తుడవండి, అంతకు మించి ఏమీ చేయకండి. ఎలా తుడవాలో తెలియకపోతే, చేసినవాళ్లు ఉండగానే అడగండి.