తాళం లేని వార్డు

మా తమ్ముడు తాళాలు బాగుచేస్తాడు. అలాంటివాణ్ణి, తాగుడు మాన్పించాలని గదిలో పెట్టి తాళం వేసిన తెలివైన కుటుంబం మాది! మేము వంటగదిలో ఊపిరి పీల్చుకునేలోపే వాడు లోపలినుంచి తాళం విప్పేసి, స్క్రూలన్నీ గడపమీద వరసగా పేర్చి, వీధి మలుపు దాటేశాడు.

ఇంకా తాగితే లివర్ మిగలదని డాక్టర్ అప్పటికే చెప్పేశాడు. మరదలు ఏడుపు ఎత్తుకుంది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు కుట్టుమిషన్ ఆపి మందుల షాపుకి వెళ్లాను.

"తాగుడు మాన్పించే చోటు ఎక్కడుందండీ?"

"అమ్మా, మెల్లగా..." అన్నాడు షాపాయన.

"వాడి అరుపులు వీధంతా విందిగా, ఇదీ విననివ్వండి!"

వెనక నిలబడ్డ ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "ప్రభుత్వాసుపత్రిలో, రక్తపరీక్షల గది పక్కనే. మా ఆయన అక్కడే మానేశాడు." ఆవిణ్ణి అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఆసుపత్రిలో కౌన్సెలర్ మొదట నాకే చివాట్లు పెట్టింది. "గదిలో పెట్టి ఉన్నట్టుండి మాన్పిస్తే ఫిట్స్ వస్తాయమ్మా, ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్ చూస్తుండాలి. ఓసారి తీసుకురండి."

తమ్ముణ్ణి ఎలా తీసుకెళ్లానో నాకే తెలుసు. వార్డు తలుపు చూడగానే వాడి వృత్తి ఊరుకోలేదు.

"ఏ తాళం వేస్తారు మేడమ్?" అని కౌన్సెలర్‌ని అడిగాడు.

"తాళం లేదు. వెళ్లాలనుకుంటే వెళ్లొచ్చు. ఉంటే మేం తోడుంటాం."

వాడు తలుపును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఉంటానక్కా" అన్నాడు. నేను నమ్మలేదు.

ఇంటివాళ్లు రావచ్చన్న రోజున పరుగులాంటి నడకతో వెళ్లాను. మంచం ఖాళీ! "పోయాడు వెధవ! ఎటు పోయాడో!" అని తిట్లు లంకించుకున్నాను. నర్సు నవ్వాపుకుంటూ వరండా చివరి గది చూపించింది.

అక్కడ మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. మావాడే మాట్లాడుతున్నాడు! నన్ను చూసి ఆగి, పక్క కుర్చీమీంచి రుమాలు తీశాడు.

"నువ్వు తిట్టుకుంటూ వస్తావని వీళ్లకి ముందే చెప్పా. రా అక్కా, కూర్చో. ఇది నువ్వు వినాలి."

కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. వాడు గొంతు సవరించుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.