సెల్లులతో నడిచే కెమెరా

మొన్న బడిలో అన్నాల వేళ మా తోటి టీచరమ్మ ఒకామె నా పక్కన వచ్చి కూర్చుంది. సెలవుల్లో కాశీకి పోతున్నారట, ఫోనులో జాగా నిండిపోయిందట, ప్రయాణానికి పనికొచ్చే చిన్న కెమెరా ఏదైనా ఉంటే చెప్పమంది. జన్మలో ఒక్క కెమెరా కొన్న పాపానికి ఈ బడిలో నాకు కెమెరాల పండితురాలని పేరు పడిపోయింది. "సెల్లులతో నడిచేది చూసుకో, బటన్లు తక్కువున్నది," అన్నాను. ఆమె ఇంకేదో అడుగుతూనే ఉంది, నేను టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటున్నాను. ఆ కెమెరా ఎవరి కోసం కొన్నానో గుర్తొచ్చింది గానీ, ఏడుపు రావాల్సిన చోట నాకు ఏమీ రాదు. అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావడం లేదు.

ఆ కెమెరా కొన్నది మా చిన్నాయన కోసం, తెలంగాణ వచ్చిన కొత్తలో. దేవరకొండ దగ్గర మాది మెట్ట ఊరు. వరికోతలు కాగానే ఆయన గొర్ల మందను తోలుకుని హాలియా అవతల కాల్వ కింది పొలాలకు పోయేవాడు, మళ్లీ తొలకరికి గానీ ఇల్లు చేరేవాడు కాదు. చిన్నమ్మ ఇంటి దగ్గరే ఉండేది. సగం ఏడాది మొగుడు ఎక్కడ పడుకుంటాడో, ఎట్లా బతుకుతాడో ఆమె ఎన్నడూ కళ్లతో చూడలేదు. ఆయన్ని అడిగితే "ఏముంటది? గొర్లు, గడ్డి" అని తువ్వాల దులుపుకుని లేచిపోయేవాడు. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, ఇక మంద వెంట నడిచే యోగం లేదు. "ముప్పై ఏండ్ల సంది అడుగుతున్న బిడ్డా, గీ మనిషి నోట్లకెల్లి ఒక్క ముచ్చట రాదు. నేను పొయ్యేలోపు ఆయన ఏడ పంటడో జర చూపియ్యరాదు?" అని నన్ను పట్టుకుంది. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఇదే మాట, ఇక తప్పలేదు.

ఫోనే కొనిద్దామనుకున్నాను మొదట. కానీ గొర్రెల బొచ్చు కత్తిరించి, కంపలు నరికి చిన్నాయన వేళ్లు ఎంత మొద్దుబారాయంటే, నా ఫోను అద్దం మీద ఆయన ఎంత రుద్దినా దానికి మనిషి ముట్టుకున్నట్టే తెలియలేదు. పైగా పొలాల్లో చార్జింగు ఎక్కడ పెడతాడు? అందుకని నల్లగొండలో ఒక కెమెరాల దుకాణానికి తీసుకుపోయాను. దుకాణదారు జూమ్ గురించి, మెగాపిక్సెళ్ల గురించి ఊపిరాడకుండా చెబుతుంటే, ఈయన ఒక్కో కెమెరాను అరచేతిలో పెట్టుకుని గొర్రెపిల్ల బరువు చూసినట్టు చూశాడు. బనీను లోపలి జేబులో పట్టాలి. పిట్టలు లేచే వేళ మబ్బు చీకట్లో కూడా ఫోటో పడాలి. ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరికే పెన్సిల్ సెల్లులతో నడవాలి. ఒక్క బటనే నొక్కాలి. ఇవీ ఆయన షరతులు. మనుషులు నవ్వితే తనంతట తానే ఫోటో తీసే కెమెరా ఒకటి ఉందని దుకాణదారు గొప్పగా చూపించాడు. చిన్నాయన దాన్ని వెనక్కి నెట్టేసి, "మా గొర్లు నవ్వయి సేటూ," అన్నాడు. చివరికి సెల్లులతో నడిచే బూడిదరంగుది తీసుకున్నాం. తారీఖు నేనే సరిచేసి ఇచ్చాను.

ఆ ఏడు ఆయన తొలకరికి తిరిగొచ్చినప్పుడు కార్డు తెచ్చి మా ఇంట్లో టీవీకి పెట్టాం. అన్నీ గొర్లే! ఒక్కోటి ఎదురుగా నిలబడి, రేషన్ కార్డు ఫోటోకు నిలబడ్డట్టు. వేరే మందలో కలిసిపోతే ఇది నాదేనని చూపించడానికట. చిన్నమ్మ ఓపికగా అన్నీ చూసింది, "గిది మన బొల్లిదాని పిల్ల గదా" అని కొన్నిటిని గుర్తుపట్టింది కూడా. చివర్లో "మరి నువ్వేడున్నవు?" అని అడిగింది. "కెమెరా ఎన్క ఉన్న," అన్నాడాయన, అమాయకంగా. రెండు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు, అన్నం మాత్రం వేళకు పెట్టింది. మళ్లీ బయల్దేరే రోజు గడప దగ్గర నిలబెట్టి చెప్పింది: "గొర్ల మొకాలు నాకు ఎరుకే. నువ్వు పండే జాగ తీసుకరా."

మందను తోలుకుపోయి నెల కూడా కాలేదు. ఒకనాడు తెల్లవారి తోటి కాపరులు లేపితే చిన్నాయన లేవలేదట. ట్రాలీ ఆటోలో తెచ్చారు. నేను అందరికీ టీలు పెట్టాను, గ్లాసులు కడిగాను. పదకొండో రోజు ఫ్లెక్సీకి ఫోటో కావాలంటే కార్డు పెట్టి వెతికాను. ఆయన ఒక్కదాంట్లోనూ లేడు. ఈసారి తీసినవన్నీ పక్క వేసిన చోట్లే. రోజుకొకటి. గడ్డి మీద పరిచిన గొంగడి, పక్కన కర్ర, నీళ్ల సీసా. ఒకచోట వేపచెట్టు కింద, ఒకచోట మోటరు గది అరుగు మీద. ఫ్లెక్సీకి ఓటరు కార్డు ఫోటోనే పెద్దది చేయించాం.

కర్మ అయిపోయిన మర్నాడు చిన్నమ్మ నా పక్కన కూర్చుని చూపించమంది. ఒక్కొక్కటి జరుపుతుంటే తారీఖు చదవమనేది. నేను వారం కూడా లెక్కగట్టి చెప్పేదాన్ని. "గా నాడు సంతకు పోయిన, ఉల్లిగడ్డ తెచ్చిన," అనేది. ఇంకోదానికి, "గా పొద్దు ఇల్లలికిన." మరోదానికి, "గప్పుడే నువ్వు పండ్లు పట్టుకొని అచ్చినవు." ఆయన పడుకున్న ప్రతి చోటు పక్కనా తన రోజొకటి తెచ్చి పెట్టింది. ఆమె కూడా ఏడవలేదు. ఆఖరిది కాల్వ కట్ట మీద, సగం మంచులో ఉంది. "గాడ సలి పెట్టుంటది," అంది. తారీఖు చదివాను. బేస్తవారం. వేళ్ల మీద రోజులు వెనక్కి లెక్కపెట్టుకుంది.

"గా రోజు నేనేం జేసిన? యాదికస్తలేదు బిడ్డా."

నాకూ యాదికి రాలేదు. బడికి పోయి ఉంటాను, హాజరు వేసి ఉంటాను. దాని ముందు రోజుల్లాగే అది కూడా తెల్లారింది, పొద్దుగూకింది. ఇది ఆఖరిదని కాలం మా ఇద్దరిలో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.