అంజిలయ్య బీపీ మిషన్

ఇబ్రహీంపట్నం అంజిలయ్య రోజూ పొద్దున్నే మీసం దువ్వుకుని, ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుని బీపీ కొలుచుకుంటాడు. పరిశోధన కోసం దవాఖానవాళ్లిచ్చిన ఆ మిషన్ చూపే అంకె నేరుగా నర్సు తిరుమల ఫోనుకు పోతుంది. ఒకరోజు రెండువందల పది కనిపించేసరికి ఆమె హడలిపోయి స్కూటీ మీద వచ్చి వాలింది. అంజిలయ్య గడపలోనే నిలబడి ఎదురుచూస్తున్నాడు.

“ఏమైంది బాపూ?”

“నాకేం కాలే బిడ్డా. గా అంకె మా ఇంటామెది,” అన్నాడు గుసగుసగా. “దవాఖానకు రమ్మంటే రాదు. మిషన్ కరాబైనట్టుంది, జర నీ చెయ్యి పెట్టి చూడుమని ఆమెతోని అన్న. నువ్వు ఉరికొస్తవని నాకెరుకే.” అంటూనే తిరుమలను లోపలికి తీసుకుపోయాడు.

మధ్యాహ్నానికి దవాఖాన మంచం మీద బాలనర్సమ్మ మొగుణ్ణి తిడుతూనే మందు మింగింది. అంకె దిగుతున్నకొద్దీ తిట్లు పెరుగుతుంటే, అంజిలయ్య పక్కనే కూర్చుని హాయిగా విన్నాడు.