తెర పక్కన మా ఇద్దరి గొంతు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదానికి నాలుగింతలు చేర్చి చెప్పే మనిషిని నేను; మీరు నాలుగో వంతే నమ్మండి, నేనేమీ అనుకోను. నిన్న బందరు బజార్లో ఒక మాటల సినిమాకి బండి కట్టి చాటింపు వేస్తున్నారు. బెంగాలీ నవల్లోంచి తీసిన కథ, భార్యను అనుమానించి ఇంట్లోంచి వెళ్ళగొట్టే మొగుడిది. అదే కథ మా రోజుల్లో మూకీగా వచ్చినప్పుడు దానికి నోరు నేనే.

డేరా హాల్లో తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి, బొమ్మలో ఎవరేమంటున్నారో తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. మొగుడికీ, భార్యకీ, అత్తగారికీ, ఆఖరికి గుర్రానికీ నాదే గొంతు. నేను హూంకరిస్తే మంగినపూడి దగ్గర సముద్రం రెండడుగులు వెనక్కి తగ్గేదని చెప్పుకునేవారు, అంటే నేనే చెప్పుకునేవాణ్ణి.

నిజానికి ఆ మొగుడికీ నాకూ పెద్ద తేడా లేదు. మేనబావ పెడన చీర పంపాడన్న పాపానికి మా ఆవిణ్ణి గుడివాడ పుట్టింటికి పంపేశాను. అప్పటికి మూడు నెలలైంది. రమ్మనడానికి మొహం చెల్లక, రాదేమోనన్న భయంతో కుమిలిపోతూ ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం మా మావగారు కూతుర్ని వెంటబెట్టుకుని ఆటకి వచ్చారు. ఆడవాళ్ళ వైపు అడ్డంగా కట్టిన గుడ్డ పక్కనుంచి ఆ పెడన చీర అంచే కనిపించింది నాకు. తెరమీద మొగుడు గుమ్మం చూపించాడు, భార్య పెదవులు కదులుతున్నాయి. రోజూ ఆమెకు బదులు బావురుమనే నేను ఆవేళ ఆ చీర అంచునే చూస్తూ ఉండిపోయాను. నేల క్లాసులోంచి ఎవరో, "ఏం మాస్టారూ, అమ్మాయిగారికి జలుబు చేసిందా?" అన్నారు.

అప్పుడు గుడ్డ వెనకనుంచి మా ఆవిడ గొంతు, నెమ్మదిగా: "నన్నొక్క మాట అడిగారా అండీ? అడక్కుండానే పొమ్మన్నారు."

నేను కర్ర కింద పడేసి, "తప్పు నాదే, ఇంటికి పద" అన్నాను. తెరమీద మాత్రం మొగుడు చెయ్యెత్తి కొట్టబోతున్నాడు. "కొడుతూ బతిమాలతాడేంట్రా బావా" అని ఒకడనేసరికి డేరా గుంజలు ఊగిపోయేలా నవ్వారు జనం.

మర్నాటి నుంచి ఆ బొమ్మ ఆడినన్నాళ్ళూ భార్య మాటలు మా ఆవిడే చెప్పింది, తెర వెనక కుర్చీలో కూర్చుని. ఆమె గొంతు వినడానికి ముదినేపల్లి నుంచీ, పెదపారుపూడి నుంచీ బళ్ళు కట్టుకుని వచ్చారు. నా హూంకారాలు ఎవరికీ గుర్తులేవు, ఆమె ఒక్క మాట ఇప్పటికీ బందరు ముసలమ్మలు చెప్పుకుంటారు. ఆ గర్వం నాకు చాలు.

ఇప్పుడు బొమ్మలే గలగలా మాట్లాడుకుంటున్నాయి, మంచిదే. హాల్లో కూర్చున్న మనిషి మధ్యలో తన మాట ఒకటి చెప్పుకోవడానికి మాత్రం సందు లేదు.

మిగతా అతిశయాలు మీరే తీసేసుకోగలరు. మీరు నమ్మేసే కల్పన ఒక్కటుంది: నేను తప్పు ఒప్పుకోవడం. ఆ రోజు మొగుడి పెదవులు కదిలాయి, నేను కర్ర పట్టుకుని నోరు మెదపకుండా నిలబడ్డాను. ఆట అయ్యాక ఆమే దగ్గరికొచ్చి, "పదండి, ఇంట్లో దీపం పెట్టాలి" అంది. "తప్పు నాదే" అన్న మాట ఇన్నేళ్ళూ నోటితో అనలేక ఇక్కడ రాశాను, ముందు మా ఆవిడే చదువుతుందని తెలిసి.