ప్రార్థన చేయించిన స్పీకర్లు

ముత్తుకూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల మీద మోటారు చెడిపోతే అందరూ జీవానందం దగ్గరకే వస్తారు. మోటారు మీద చెయ్యి పెట్టి, దాని మూలుగు విని, తేడా ఎక్కడుందో చెప్పేస్తాడు. అంత చెవి ఉన్న మనిషి ఇరవై ఏళ్లుగా మా చర్చిలో పాటలు నడిపిస్తూ, తన గొంతు శ్రుతిలో లేదన్న ఒక్క సంగతి మాత్రం వినలేకపోయాడు. పక్కన కూర్చుని తబలా వాయించేది నేనే, పేరు సమాధానం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మా చర్చి మైకు సెట్టులో ఎకో ఎక్కువ. అది కాస్త పెంచితే చాలు, తుమ్మినా పాటలాగే వినిపిస్తుంది. పాట అయ్యాక అందరం "దేవునికి స్తోత్రం" అనేవాళ్లం. పాట బాగుండి అంటున్నామని ఆయన అనుకునేవాడు. అయిపోయినందుకు మేము అనేవాళ్లం.

ఈ ఏడు సంఘ వార్షికోత్సవానికి తాను రాసిన పాటను ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబులో పెట్టాలని పూనుకున్నాడు. మేడ మీద గదిలో గోడలకు పాత బొంతలు, కోడిగుడ్ల అట్టలు కొట్టాడు. ఎండాకాలం ఆ గదిలో గుడ్లు పెట్టి ఉంటే పిల్లలే అయ్యేవి. మైకు కొన్నాడు, పాట పాడి దాచుకున్నాడు. ఫోనులో వింటే బాగానే ఉందట. ఇక మిగిలింది స్టూడియో మానిటర్ స్పీకర్లు. మూడు నెలలు వీడియోలు చూసి, పరిచయం లేని వాళ్లు రాసిన అభిప్రాయాలన్నీ చదివి, ఆన్‌లైన్లో జత ఆర్డరు పెట్టాడు.

"మామూలు స్పీకర్లు లేని బేసు కలిపి మోసం చేస్తాయి రా సమాధానం. ఇవి ఉన్నది ఉన్నట్టే చెప్తాయి. రవ్వంత తప్పున్నా దాచవు," అని మురిసిపోయాడు.

"మనకెందుకన్నా అంత నిజం?" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మాలో ఒక అలవాటుంది. కొత్త బండి కానీ, కుట్టుమిషను కానీ, పాస్టరుగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేయందే వాడం. పార్సిలు వచ్చిన రోజు జీవానందం అట్టపెట్టెలు విప్పకుండానే సంజీవరావు పాస్టరుగారిని పిలిపించాడు. ఆయన పెట్టెల మీద రెండు చేతులూ పెట్టి, "ప్రభువా, ఈ యంత్రాలు నీ సేవకే అంకితం. వీటి ద్వారా సత్యము బయలుపడును గాక," అన్నారు. అందరం ఆమెన్ అన్నాం. జీవానందం భార్య ఎలిశబెతు వదిన టీ, మిక్చరు పెట్టింది.

ఆ ప్రార్థన అరగంటలో నెరవేరింది.

పాస్టరుగారు వెళ్లాక స్పీకర్లు తగిలించి తన పాట పెట్టాడు. ఎకో లేదు. పల్లవి ఎక్కాల్సిన చోట ఎక్కలేదు, దిగాల్సిన చోట దిగలేదు. జీవానందం పాట ఆపి వైర్లు మార్చాడు. కుడిదాన్ని ఎడమకు పెట్టాడు. గొంతు ఏ పక్కనుంచి వచ్చినా ఆ గొంతే.

"లోపల ఏందో తేడా ఉండాది. వాపసు పంపించేస్తా," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. తబలా వాయించేవాణ్ణి కాబట్టి ఆ సామెత నేను పైకి అనలేదు.

పది రోజుల్లోగా వాపసు తీసుకుంటారని ఫోనులో ఉంది. కారణం అడిగిన చోట "శబ్దం సరిగా లేదు" అని నొక్కబోతుంటే వదిన అడ్డుపడింది.

"ఏమయ్యా, దేవునికి ఇచ్చేసినదాన్ని కంపెనీకి వాపసు ఇస్తావా? రేపు పాస్టరుగారు అడిగితే ఏం చెప్తావు?"

వేలు ఆగిపోయింది. విని చూశాక ప్రార్థన చేయించి ఉంటే ఈ చిక్కే లేదు. కోరి కొరివితో తల గోక్కున్నాడు.

"చెడిపోయినాయి అంటే నమ్మవే! నువ్వు ఒక లైను పాడు, నీకే తెలస్తాది," అని మైకు ఆమె చేతికిచ్చాడు.

వదిన కొంగుకు చేతులు తుడుచుకుని అదే పల్లవి పాడింది. దాన్ని రికార్డు చేసి వినిపించాడు. స్పీకర్లు బాగానే ఉన్నాయి. చాలా బాగున్నాయి.

జీవానందం స్టూలు మీద కూర్చుండిపోయాడు. "ఇన్నేండ్లు ఒక్కరన్నా చెప్పలేదే," అన్నాడు.

"పాడేటప్పుడు నీ మొహం వెలిగిపోతా ఉంటాది. చెప్పబుద్ధి కాలేదు," అంది వదిన.

నాకు సిగ్గేసింది. ఆయన గొంతు జారిన చోటల్లా తబలా గట్టిగా వాయించి కప్పిపెట్టినవాణ్ణి నేను. అది అభిమానం అనుకునేవాణ్ణి. సగం పిరికితనం.

ఆదివారం ఆరాధనలో మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. జీవానందం లేచాడు.

"దేవుడు నాకు మంచి స్పీకర్లు ఇచ్చినాడు. వాటిలో నా గొంతు నేను విన్నా. వార్షికోత్సవం పాట రాసింది నేనే గానీ, పాడేది ఎలిశబెతు. ఇకమీదట ఇక్కడ పాటలు నడిపించేది కూడా ఆమే."

అని ఊరుకోకుండా అందరి వంకా చూశాడు. అయ్యో అట్లా అనొద్దన్నా అని ఎవరైనా అంటారేమోనని ఆ చూపు. పాస్టరుగారు బైబిలు పేజీలు తిప్పుకుంటూ ఉండిపోయారు. నేను తబలా వంక చూసుకున్నాను.

ముందు వరుసలో చాప మీద రెబెక్కమ్మ అవ్వ ఉంది. ఆమెకు చెవులు సరిగా వినపడవని అందరం అనుకుంటాం. రెండు చేతులూ పైకెత్తింది.

"స్తోత్రం తండ్రీ! ఇరవై ఏండ్లుగా ప్రార్థన చేస్తానే ఉండా. ఇప్పటికి ఆలకించినావు."

అందరికంటే ముందు ఆమెన్ అన్నది జీవానందమే.