పదకొండో నంబరు ఆకాశం

2023 ఆషాఢం. ఆమదాలవలసలో స్టేషన్ రోడ్డు మీద నేను స్టూడియో పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. ముందు గదిలో కౌంటరు, మధ్య గదిలో కంప్యూటరు, వెనక నేను వండుకుని తినే చోటు. మా ఆవిడ పోయాక అద్దె ఇల్లు ఖాళీ చేసి అక్కడికే మారిపోయాను. ఫోటో దిగడానికి స్టూడియోకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఫోన్లో తీసినదాన్ని బాగుచేసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టి ఇవ్వడమే నా పని. "ఎంత సైజు? గ్లాసీయా, మ్యాటా?" అన్న రెండు ప్రశ్నలు తప్ప రోజంతా నా నోటి నుంచి మరో మాట రాని రోజులు చాలా ఉండేవి.

ఆ పనిలో సగం ఆకాశాలు మార్చడమే. సాఫ్ట్‌వేర్‌లో స్కై రీప్లేస్‌మెంట్ అని ఒకటి ఉంటుంది. ఫోటోలో ఆకాశం ఎక్కడిదాకా ఉందో అదే కనిపెట్టి, తీసేసి, మనం చూపించిన ఆకాశాన్ని అక్కడ పెడుతుంది. అతికించినట్టు కనబడకుండా కొత్త ఆకాశం రంగుని కింద మనుషుల మీద కూడా కాస్త పులుముతుంది. నా దగ్గర పద్నాలుగు ఆకాశాలుండేవి, నంబర్లు వేసి. మూడో నంబరు నీలం, తెల్ల మబ్బులు. గృహప్రవేశాలకి, ఆడపిల్లల ఫోటోలకి. పదకొండో నంబరు ఎర్రటి పొద్దు, చీలికలు చీలికలుగా మబ్బు. పోయినవాళ్ల ఫోటోలకి నిండుగా ఉంటుందని నా నమ్మకం. రాజాం నుంచి గరివిడి దాకా ఎన్ని ఇళ్ల గోడల మీద ఆ పద్నాలుగే వేలాడుతున్నాయో నాకే తెలీదు. ఇన్నేళ్లలో ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఆకాశాన్ని ఎవరు చూస్తారులే అని ధీమాగా ఉండేవాణ్ని.

పోలమ్మ సముద్రం ఒడ్డు ఊరి నుంచి మా సంతకి ఎండు చేపలు తెచ్చి అమ్మే మనిషి. ఒక సంత రోజు బుట్ట గుమ్మం బయట దింపి లోపలికొచ్చింది. చేతిలో అద్దం పగిలిన ఫోను.

"మా మావ ఫోటో బాబూ. పెద్దది సేసి పెట్టు. సావనంలో సంవచ్చరీకం ఉన్నాది. ఈ ఫోను రేపో మాపో పోయేలాగుంది."

ఆవిడ భర్త, యాభై ఏళ్ల మనిషి, పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వెనక సముద్రం, పైన బూడిద రంగు ఆకాశం. ఎప్పుడు తీసిందని అడిగాను.

"ఆ రోజు పొద్దుటే. ఏటకి ఎల్లేముందు మా సెల్లి కూతురు ఈ ఫోన్లోనే తీసింది. మరి రాలేదు."

అంతకు మించి నేను అడగలేదు. ఫోటో కంప్యూటర్లోకి ఎక్కించుకుని ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆ సాయంత్రమే పదకొండో నంబరు పెట్టాను. నిజం చెప్పాలంటే రెండు నిమిషాల పని.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. ఎడిట్ చేస్తున్నంతసేపూ అసలు ఫోటో కింద పొరగా, కొత్త ఆకాశం పై పొరగా విడివిడిగా ఉంటాయి. వాటిని లేయర్లు అంటాం. పనయ్యాక అన్నిటినీ కలిపి ఒకటే చేసేయడాన్ని ఫ్లాటెన్ అంటాం. కంప్యూటర్లో చోటు మిగులుతుందని నేను ఫ్లాటెన్ చేసి, పాత ఫోటో పేరు మీదే సేవ్ చేసేసేవాణ్ని. అసలుది ఇంకెక్కడా ఉండదు. జనం ఫోన్లో ఎలాగూ ఉంటుంది కదా అనుకునేవాణ్ని.

పై వారం సంతకి పోలమ్మ వచ్చింది. ఫ్రేము కాగితం విప్పి గొప్పగా చూపించాను. ఆవిడ చెయ్యి చాచలేదు.

"ఇదేటి బాబూ?"

"ఆకాశం డల్లుగా ఉందమ్మా. మార్చాను."

"పొద్దుటే ఇలాగ ఎర్రబడి, మబ్బు ఇలాగ సినిగితే మావోళ్లు వల ముట్టరు. ఒడ్డునే ఉండిపోతారు. ఇలాటి మబ్బు కింద మా మావని నిలబెట్టీసేవేటి? మొకం కూడా ఎర్రబడిపోనాది."

నాకు చిరాకేసింది. పని బాగులేదంటే పడని బుద్ధి నాది. "ఇంత పట్టి ఎవరు చూస్తారమ్మా" అన్నాను.

"మా ఇంటికొచ్చేవోళ్లందరూ సూస్తారు. మాకు అదే సదువు."

అప్పుడు కూర్చుని చెప్పింది. పడవలో నలుగురు వెళ్లారు. ఆవిడ భర్తే ఆ పడవకి పెద్ద. వెళ్లాలా వద్దా అని మబ్బు చూసి చెప్పేది ఆయనే. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచి పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకొచ్చారు, ఆయన రాలేదు. మబ్బు చెడ్డదని తెలిసీ ఆశకి పోయి పడవ దింపాడని, ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చాడని ఊరంతా అంది. ఏడాదిగా అంటూనే ఉంది.

"ఆ రోజుది ఒట్టి మసక మబ్బు. ఏటీ సెయ్యదు. నానూ సూసేను. నా మాట ఎవులింటారు? అందుకే ఫోటో. మొకానికి ఫోటో ఎందుకు బాబూ, నాకు ఎలాగూ గుర్తే. ఆ మబ్బు కోసమే అడిగేను."

ఫోను ఇమ్మన్నాను. మూడు రోజుల కిందట పూర్తిగా పాడైపోయిందట. రిపేరు షాపుకి నేనే పట్టుకెళ్లాను. బోర్డు కాలిపోయింది, ఏమీ రాదన్నాడు. పోయిన ఫైళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్లో రెండుసార్లు నడిపాను. రాలేదు. తప్పు నాదేనని ఆవిడకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తిడితే బాగుండును. తిట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. మా ఆవిడ పోయిన వారం నేనూ ఆ కుర్చీలోనే అలాగే కూర్చున్నాను.

ఇంటర్నెట్‌లో మసక ఆకాశాలు బోలెడుంటాయి, మీరే ఎంచండని స్క్రీను ఆవిడ వైపు తిప్పాను. ఒక్కొక్కటీ చూసింది. "ఇది వాన మబ్బు. ఇది సలికాలందు. ఇది మా సముద్రం కాదు." చివరికి లేచి బుట్ట ఎత్తుకుంటూ, "మబ్బు మావూళ్లో ఉంటాది. నువ్వే రా" అంది.

తెల్లవారుతూనే మోటారు సైకిలు మీద వెళ్లాను. మొదటిసారి ఆకాశం మెరిసిపోతోంది. రెండోసారి వాన. ఒడ్డున ఆవిడా నేనూ పక్కపక్కన నిలబడి చూసి, ఇది కాదనుకుని, ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం. అక్కడ ఎర్రయ్య అని ఒకతను వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. ఆ ముగ్గురిలో ఒకడు, చనిపోయినాయనకి చిన్నాన్న కొడుకు. ఆ రోజు మబ్బు ఎలా ఉందని ఎందరడిగినా ఏడాదిగా అతను నోరిప్పలేదట. పోలమ్మతో మాట్లాడడమూ మానేశాడు. మేం వెళ్తే తల వంచుకుని వల చూసుకునేవాడు.

మూడోసారి వెళ్లేసరికి ఆకాశమంతా బూడిద రంగు. గాలి లేదు. పోలమ్మ చాలాసేపు చూసింది. తరవాత ఎర్రయ్య దగ్గరికి నడిచింది.

"ఈ మబ్బుకి ఏటకి ఎల్తావేటి?"

అతను తలెత్తి ఆకాశం చూశాడు. వల పక్కన పెట్టాడు.

"ఎల్తాను ఒదినా."

ఆవిడ కదల్లేదు.

"ఎల్లేము గదా. ఇదే మబ్బు" అన్నాడు. "మా అన్న తప్పేటీ లేదు. ఆ మాట సెప్తే, మరి అన్నని ఒగ్గీసి నువ్వెలాగొచ్చేవని అడుగుతారు. నాను ముందు ఈదుకొచ్చీసేను. ఎనక్కి సూడలేదు."

పోలమ్మ అతని పక్కన ఇసకలో కూర్చుండిపోయింది. ఇద్దరూ ఏడ్చారు. నేను కెమెరా పట్టుకుని నిలబడ్డాను. అక్కడ నాకేం పని లేదు. అయినా వెళ్లిపోబుద్ధి కాలేదు. కాసేపటికి ఆవిడే కళ్లు తుడుచుకుని, "తియ్యి బాబూ, ఎలుగు మారిపోతాది" అంది.

ఆ ఆకాశం పెట్టి, ముఖం మీది ఎరుపు చేత్తో కొంచెం కొంచెంగా తీశాను. రెండు రోజులు పట్టింది. ఫ్రేము వెనక పెన్సిల్‌తో రాశాను: ఈ ఆకాశం ఆ రోజుది కాదు, ఏడాది తరవాత తీసింది, అసలుది నా వల్ల పోయింది. చదివి వినిపిస్తే, "ఉండనీ. మిగతాది ఎర్రయ్య సెప్తాడు" అంది. సంవత్సరీకం నాడు ఆ ఫోటో కింద నిలబడి, అందరి ముందూ ఎర్రయ్య చెప్పాడు. తను ముందు ఈదుకొచ్చిన సంగతి కూడా దాచలేదు. ఒక ముసలాయన లేచి అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఇప్పుడు ఎవరి ఫోటో వచ్చినా అసలుది వేరే ఫోల్డర్లో దాస్తాను. ఆకాశం మార్చే ముందు, ఆ రోజు ఎలా ఉండేదని అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చెప్తారు. ఆ మాటలు వినడానికే అడుగుతున్నానేమో అని కూడా అనిపిస్తుంది.

ఆ సంవత్సరీకం నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నం కౌంటరు వెనక గోడ మీదున్న మా ఆవిడ ఫోటో కిందికి దింపాను. పెళ్లైన కొత్తలో శ్రీకూర్మం వెళ్లినప్పుడు నేనే తీసింది. పైన మూడో నంబరు, నీలం, తెల్ల మబ్బులు. ఎప్పుడో ఒక తీరిక రోజున బాగుంటుందని పెట్టాను. నెగెటివ్ చెదలు తినేసింది, స్కాన్ చేసినదాన్నీ ఫ్లాటెన్ చేసేశాను. ఆ రోజు ఎండ కాసిందో, మబ్బు పట్టిందో, వానొస్తుందేమో త్వరగా వెళ్దామని ఆవిడ తొందరపెట్టిందో, ఆ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా ఆలోచించాను. అడుగుదామంటే అక్కడ నాతో ఉన్నది ఆవిడొక్కతే. నాకు గుర్తు రాలేదు.