ట్రైలర్ బాబాయి చీటీ

ట్రైలర్ బాబాయికి సినిమాలంటే ప్రాణమనుకునేరు. కాదు, ఆయన ప్రాణమంతా ట్రైలర్ల మీదే. రెండున్నర నిమిషాల ట్రైలర్ చూసి రెండున్నర గంటల సినిమాకి తీర్పు చెప్పడం ఆయన పని, ఆ తీర్పు నమ్మి వెళ్ళి తల పట్టుకుని తిరిగి రావడం జనం పని. ట్రైలర్లు టీవీలో వచ్చే రోజుల నుంచి ఫోన్లోకి దిగిన ఈ రోజుల దాకా ఆ వీధిలో ఇదే తంతు. ఆయన బాగుందన్న సినిమా నిజంగా బాగున్న దాఖలా ఒక్కటీ లేదు.

బాబాయిది కళ్ళజోళ్ళ షాపు. పదిమందికీ చూపు సరిచేసే మనిషికి సినిమాల దగ్గర మాత్రం చూపు ఆనదని వీధంతా నవ్వుకునేది. లోపలి గదిలో కళ్ళు పరీక్షించేది ఆయన అన్న కూతురు అమ్మడు. గోడ మీద అక్షరాల చార్టు నిక్షేపంగా ఉండగా, బాబాయి మధ్యలో ఫోన్ పట్టుకుని ఆ గదిలోకి చొరబడేవాడు.

"చార్టు ఎన్నాళ్ళని చదివిస్తావే, అక్షరాలు అరిగిపోయాయి. బ్యాంకుగారూ, ఇది చూడండి. ఏం కనిపిస్తోంది?"

"బూట్లు" అన్నాడు పరీక్షకి కూర్చున్న బ్యాంకాయన కళ్ళు చికిలించి.

"ఎవరివి?"

"హీరోవే అయ్యుంటాయి. ఇంకా మొహం రాలేదు."

"ఇప్పుడు?"

"వీపు. తర్వాత పొగ. ఏదో పగిలింది. మళ్ళీ పొగ."

"మొహం వచ్చిందా?"

"లేదండీ, విడుదల తేదీ వచ్చేసింది."

"భేష్! మీ చూపుకి ఢోకా లేదు, ఆ సినిమాకీ ఢోకా లేదు. ఆదివారం మీ ఆవిణ్ణి తీసుకుని వెళ్ళి తీరాల్సిందే."

అమ్మడు ముందువైపు కళ్ళ నంబరు రాసిన చీటీనే తిప్పి, వెనకవైపు 'అగ్ని గొడుగు' అని సినిమా పేరు రాసి చేతిలో పెట్టాడు బాబాయి. సోమవారం షాపు తెరిచీ తెరవకముందే బ్యాంకాయన భార్యాసమేతంగా దిగాడు.

"అసలా గొడుగు ఎవరిదండీ?" అన్నాడాయన.

"చివరిదాకా చెప్పలేదు! చెప్పకపోగా రెండో భాగం కూడా ఉందట!" అందుకుంది ఆవిడ.

ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఇద్దరూ పావుగంట దులిపేశారు. బాబాయి చేతులు కట్టుకుని శ్రద్ధగా విని, "ట్రైలర్లో బాగుందే మరి!" అన్నాడు అమాయకంగా. అంతకుముందు వారం మందుల షాపావిణ్ణి, వాళ్ళ అత్తగారిని కలిపి ఒక దయ్యం సినిమాకి పంపాడు. దయ్యం భయపెట్టకపోగా మూడు పాటలు పాడిందని అత్తాకోడళ్ళు ఒకే గొంతుతో విరుచుకుపడ్డారు.

"బాబాయ్, నీ మూలంగా షాపు పరువు పోతోంది" అని అమ్మడు మొత్తుకునేది. ఆయన ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు.

ఇంకొకప్పుడైతే ఆమె కూడా నవ్వేదే. ఇప్పుడా ఓపిక లేదు. వేరే నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రి ఆమెకి ఉద్యోగం ఇస్తానంది. ఆ కబురు చెప్పాలని ఎగురుకుంటూ ఇంటికి వెళితే, లెక్కల మాస్టారైన ఆమె మొగుడు పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల కూడా ఎత్తకుండా "సరే" అన్నాడు. అంతే! శుభాకాంక్షలు లేవు, వద్దనడం లేదు, "మరి నేను?" అనడమూ లేదు. ఆ క్షణం నుంచి ఇంట్లో మాటలు బంద్. పంతొమ్మిది రోజులుగా కాపురం ఫ్రిజ్ తలుపు మీద నడుస్తోంది. ఆమె "పాలు లేవు" అని రాసి అంటిస్తే, అతను కింద "తెచ్చాను" అని రాసి, అలవాటు కొద్దీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టాడు. ఆ టిక్కు చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. సోమవారంలోగా ఆసుపత్రికి జవాబివ్వాలి. ఒక్కతే వెళ్ళిపోవాలనీ, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదనీ నిశ్చయించుకుంది. ఈ సంగతి బాబాయికి చెప్పలేదు.

శనివారం పొద్దున బాబాయి ఒక టికెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"'గర్జించే గుమస్తా'. మధ్యాహ్నం ఆట. వెళ్ళిరా."

"నాకు సినిమాలు చూసే మనసు లేదు బాబాయ్."

"ట్రైలర్ చూస్తే మనసు అదే వస్తుంది. గుమస్తా ఫైలు మూశాడా, భూమి కంపించింది. పెన్ను విసిరాడా, హెలికాప్టర్ కూలింది. ఇంక నీకేం కావాలే?"

ఇంటికి వెళ్ళి ఫ్రిజ్ మొహం చూడటం కంటే గుమస్తా మొహం నయమనుకుని అమ్మడు బయల్దేరింది. హాల్లో మొత్తం పదకొండు మంది, వాళ్ళలో తొమ్మిదిమంది చల్లగాలికి నిద్రపోవడానికి వచ్చినవాళ్ళు. పేర్లు పడుతుండగా ఎవరో తడుముకుంటూ వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. చూస్తే మాస్టారు!

"మామయ్యగారు టికెట్ ఇచ్చారు" అన్నాడు గొణుగుతున్నట్టు.

హాలంతా ఖాళీయే. కానీ ముందు లేచినవాళ్ళు ఓడిపోయినట్టని ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు. తెర మీద గుమస్తా కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టి నాలుగు నిమిషాలైంది, ఇంకా పూర్తిగా లేవలేదు. మాస్టారు తల ఒక పక్కకి వాల్చి చూస్తున్నాడు. కళ్ళజోడు వంకరగా ఉంది. వృత్తిలో ఉన్న మనిషి ఎంతసేపని ఓర్చుకుంటుంది? అరగంట పళ్ళు బిగబట్టి, చివరికి చెయ్యి చాపింది.

"అది ఇలా ఇవ్వండి. ఎవరు చేశారిలా?"

"మామయ్యగారే. బాగానే ఉందంటున్నా వినకుండా, పొద్దున లాక్కుని సరిచేశారు."

ఆమె చీకట్లోనే వేళ్ళతో తడిమి ఫ్రేమ్ తిన్నగా చేసి అతనికి పెట్టింది. అతను తెర వైపు చూశాడు.

"ఇప్పుడంతా స్పష్టంగా కనిపిస్తోంది. ఇందాకే నయం."

అమ్మడికి నవ్వు ఆగలేదు. ముందు వరసలో ఎవరో నిద్ర చెడిందని విసుక్కున్నారు. ఇంక ఇద్దరికీ పట్టపగ్గాలు లేవు.

"ఆ విలన్ తమ్ముడు ఇందాక చచ్చిపోయాడు కదండీ?"

"రెండుసార్లు. నేను లెక్కపెడుతున్నాను."

కాసేపటికి ఆమె నవ్వు ఆపి అడిగింది. "ఆ రోజు తలెందుకు ఎత్తలేదు?"

అతను కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎత్తితే వెళ్ళొద్దని అనేసేవాణ్ణి. అనకూడదు కదా, నువ్వు అంత కష్టపడి తెచ్చుకున్నది."

"నాతో వస్తానని అనొచ్చుగా!"

"నువ్వు రమ్మనలేదు."

"పిలిస్తే వచ్చేవారా?"

"లెక్కలు అక్కడ మాత్రం వేరే ఉంటాయా? బడి వెతుక్కుంటాను."

తెర మీద గుమస్తా ఎట్టకేలకు గర్జించాడు. ఆ ఇద్దరూ పట్టించుకోలేదు.

హాల్లోంచి ఇద్దరూ తిన్నగా షాపుకే వచ్చారు. "అదేం సినిమా మామయ్యగారూ!" అని మాస్టారు, "నీకసలు కళ్ళున్నాయా బాబాయ్!" అని ఈమె అందుకున్నారు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిడుతూ తిడుతూ అమ్మడు ఠక్కున ఆగిపోయింది. 'అగ్ని గొడుగు'కి ముందు బ్యాంకాయన, భార్య షాపులోని ఈ బెంచీ మీదే చెరో కొసన మొహాలు తిప్పుకుని కూర్చునేవాళ్ళు. మందుల షాపావిడ అత్తగారితో ఒక్క ముక్క మాట్లాడేది కాదు.

"బాబాయ్, నిజం చెప్పు. ట్రైలర్ చూస్తే సినిమా ఎలా ఉంటుందో నీకు తెలుస్తుందా?"

"ఇరవై సెకన్లు చాలు."

"మరి అన్నీ చెత్తవే చెబుతావేం?"

"మంచి సినిమాకి పంపితే ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారే. చెత్తదానికి పంపితే ఇద్దరూ ఒక పక్షమై నన్ను తిట్టడానికొస్తారు. చూడు, ఇప్పుడు మీరొచ్చారు."

"ఆ కళ్ళజోడు?" అన్నాడు మాస్టారు.

"దాంతో చచ్చాను అల్లుడూ! ఇన్నేళ్ళ చేతి అలవాటు, వంచినప్పుడల్లా తిన్నగా అయిపోయింది. నాలుగోసారికి వంకర కుదిరింది."

"ఉద్యోగం సంగతి కూడా తెలుసా నీకు?" అంది అమ్మడు.

"నీ పని ఎలా ఉంటుందని ఆసుపత్రివాళ్ళు అడిగింది నన్నే కదా. ఇంట్లో మాటల్లేవని నీ మొహమే చెప్పింది. నువ్వు వెళ్ళాలి తల్లీ. ఒక్కదానివే వెళ్ళకూడదు, అంతే."

అమ్మడికి ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. "మరి షాపు?" అంది.

"సోమవారం ఒకమ్మాయి వస్తోంది. నీ సొద లేకుండా హాయిగా ఉంటాను."

సోమవారం ఆసుపత్రికి వస్తున్నానని జవాబిచ్చేసి, అమ్మడు షాపుకి వచ్చింది. కొత్తమ్మాయి అప్పటికే బాబాయి ఫోన్ ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది.

"ట్రైలర్ ఎలా ఉందమ్మా?"

"చాలా బాగుంది సార్."

బాబాయి మొహం వాడిపోయింది. "భయపడకు, ఉన్నమాట చెప్పు" అంది అమ్మడు.

ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి తీసుకుంది. "పరమ చెత్తగా ఉంది సార్. పొగ తప్ప ఇంకేం లేదు."

"రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు బాబాయి ఉత్సాహంగా, చీటీ ఒకటి ముందుకు లాక్కుని. "ఇప్పుడు చెప్పు, మీ ఇంట్లో నువ్వు ఎవరితో మాట్లాడటం లేదు?"